పూత రెండు వారాలు ఆగితే చాలు: చలి నేలలో బాదం డైరీ

మొదటి ఏడాది, నవంబరు 9

ఈ రోజు నుంచి రాసి పెట్టుకుంటున్నాను. జ్ఞాపకం మీద ఆధారపడితే ఏ ఏడు ఎప్పుడు పూసిందో, ఏ రాత్రి ఎంత చలి పడిందో అంతా కలగాపులగం అయిపోతుంది.

పెంచాలనుకుంటున్నది బాదం. వెడల్పాటి ఆకులతో అంతస్తులుగా పెరిగే చెట్టునూ మనం బాదం అనే పిలుస్తాం కానీ ఇది అది కాదు. ఇది గులాబీ కుటుంబపు చెట్టు. ప్లమ్, ఆప్రికాట్, పీచ్ దీని చుట్టాలు, అందులో పీచ్ మరీ దగ్గర. పీచ్ పండులో కండ తిని గింజ పారేస్తాం. బాదంలో ఆ కండే పచ్చటి తోలులా ఉండి, ఎండి పగులుతుంది. లోపలి పెంకు పగలగొట్టి పప్పు తింటాం.

మా దగ్గర చలికాలంలో మైనస్ 12 దాకా పడుతుంది. ఏప్రిల్ మూడో వారం వరకు తెల్లవారుజామున గడ్డకట్టే రాత్రులు ఉంటాయి. వేసవిలో 25 డిగ్రీలు దాటే రోజులు తక్కువ. వసంతమంతా సన్నటి వాన. ఈ సంగతి చెబితే అందరూ ఒకటే అడుగుతున్నారు, చలికి చెట్టు చచ్చిపోదా అని. చావదు. ఆకు రాల్చి నిద్రలో ఉన్న బాదం మైనస్ 15 కూడా తట్టుకుంటుంది. చిక్కంతా పూతతోనే.

ఆకు రాలాక మొగ్గలు గాఢనిద్రలోకి వెళ్తాయి. ఆ నిద్ర వదలాలంటే వాటికి కొన్ని వందల గంటల చలి తగలాలి. బాదానికి ఆ అవసరం ఆపిల్‌తో పోలిస్తే చాలా తక్కువ. మా చలికి జనవరికే ఆ లెక్క పూర్తవుతుంది. ఇక అక్కడి నుంచి నాలుగు వెచ్చటి రోజులు తగిలితే చాలు, మొగ్గ కదులుతుంది. అంటే చలి ఎక్కువ ఉన్న చోట పూత దానంతటది ఆలస్యమవుతుందన్న భరోసా లేదు. విచ్చిన పువ్వు మైనస్ 2, మైనస్ 3 దగ్గర పోతుంది. పువ్వు రాలి పిందె బయటపడ్డాక మైనస్ 1 చాలు చంపడానికి. చెట్టు ఓర్చుకునే చలికీ, పువ్వు ఓర్చుకునే చలికీ ఇంత తేడా ఉంది. నా ప్రాజెక్టంతా ఈ తేడాతో పోరాటమే.

రెండు అంటు మొక్కలు తెప్పించాను. ఒకటి నాన్‌పరెల్. 1879లో కాలిఫోర్నియాలో ఏరిన రకం, పల్చటి పెంకు, ఇప్పటికీ అక్కడి తోటల్లో ఎక్కువగా ఉండేది ఇదే. రెండోది లారాన్. ఫ్రాన్స్‌లో తయారైన రకం. ఫెరాన్యెస్ అనే ఆలస్యంగా పూసే చెట్టుకు, ఇటలీ దక్షిణాన పెరిగే తువోనో పుప్పొడి కలిపి తీశారు. తువోనో నుంచి దీనికి వచ్చిన గొప్ప గుణం, తన పుప్పొడితో తానే కాయగలగడం. బాదం రకాల్లో చాలావాటికి ఆ శక్తి లేదు, నాన్‌పరెల్‌కీ లేదు. దానికి పక్కన ఇంకో రకం ఉండాలి. లారాన్ ఉంది కదా అనుకున్నాను.

విత్తనం నాటి పెంచకూడదా అని ఇంట్లో అడిగారు. పెంచొచ్చు, మొలుస్తుంది కూడా. కానీ తీపి చెట్టు విత్తనంలో చేదు గుణం దాగి ఉండొచ్చు. చేదు బాదంలో అమిగ్డలిన్ ఎక్కువ, నమిలితే అందులోంచి సైనైడ్ విడుదలవుతుంది. ఏళ్ల తరబడి పెంచి, ఆఖరికి తినకూడని కాయలు చూడటం నాకు ఇష్టం లేదు.

మొదటి ఏడాది, డిసెంబరు 3

నాటాను. మట్టి బంకమట్టి. వాన పడితే గుంటలో నీళ్లు రెండు రోజులు నిలుస్తున్నాయి. బాదం వేరుకు అది పడదు, ఊపిరాడక కుళ్లిపోతుంది. అందుకే గొయ్యి తవ్వి అందులో పెట్టకుండా, నేల మీదే మీటరున్నర వెడల్పు, 40 సెంటీమీటర్ల ఎత్తు మట్టిదిబ్బ పోసి దాని మీద నాటాను. రెండూ సెయింట్ జూలియన్ అనే ప్లమ్ జాతి వేరు మీద కట్టిన అంట్లు. బరువు నేలల్లో బాదం సొంత వేరు కంటే ఇది ఓపిక పడుతుంది. అంటు కట్టిన చోటు మట్టికి నాలుగు వేళ్ల ఎత్తున ఉంచాను.

లారాన్‌ను దక్షిణం వైపు గోడకు ఆనించి, కొమ్మలను విసనకర్రలా పరిచే ఉద్దేశంతో పెట్టాను. గోడ వేడికి పూత నాలుగైదు రోజులు ముందుకు జరుగుతుందని తెలుసు. కానీ ఆలస్యంగా పూసేది ఆలస్యంగానే పండుతుంది, చల్లటి వేసవిలో కాయ ముదరాలంటే ఆ వేడి కావాలి. నాన్‌పరెల్‌ను పది మీటర్ల దూరంలో, బయట, కాస్త పల్లపు వైపు పెట్టాను. అక్కడ ఎండ బాగుంటుంది.

రెండో ఏడాది, మార్చి 20

రెండూ చిగురు వేశాయి. పువ్వులు లేవు.

రెండో ఏడాది, మే 11

పది రోజులుగా మనసు బాగోలేదు. లారాన్ ఆకులు ఉబ్బి, మెలికలు తిరిగి, ఎర్రగా బొబ్బలు పొంగినట్టయ్యాయి. మొదట పేనుబంక అనుకొని ఆకులు తిరగేసి వెతికాను, ఒక్క పురుగూ లేదు. తర్వాత ఆ బొబ్బల మీద తెల్లటి బూడిదలాంటి పూత వచ్చింది. అప్పుడు అర్థమైంది, ఇది పీచ్‌కి వచ్చే ఆకుముడత. టాఫ్రినా అనే బూజు. చుట్టరికం వల్ల బాదానికీ వస్తుంది.

దీని పద్ధతి తెలుసుకున్నాక నా తప్పు కనబడింది. ఈ బూజు బీజాలు చలికాలమంతా బెరడు పగుళ్లలో, మొగ్గల పొలుసుల మీద కూర్చుని ఉంటాయి. చలికాలం చివర్లో మొగ్గ ఉబ్బే సమయంలో వాన పడి తడి ఆరకుండా ఉంటే, ఆ నీటితోపాటు మొగ్గలోకి వెళ్తాయి. ఆకు విప్పుకునేసరికే రోగం లోపల ఉంటుంది. మనకు మేలో కనబడేది ఫిబ్రవరి, మార్చిలో జరిగిపోయిన పని. ఇప్పుడు ఏ మందు కొట్టినా ఆ ఆకులు బాగుపడవు. ఇంత తెలిశాక కూడా ఏదో ఒకటి కొట్టాలని చెయ్యి లాగుతూనే ఉంది. కొట్టలేదు.

చేసిందల్లా, మిగతావాటికి తెల్ల పూత రాకముందే చేతికందిన ఆకులు తుంచి తీసేయడం. చెట్టుకు పాలిచ్చినట్టు వారం వారం నీళ్లు, ఒకసారి కంపోస్టు. రెండో విడత చిగురుకు బలం కావాలి.

విచిత్రం ఏమిటంటే నాన్‌పరెల్‌కు కూడా పట్టింది కానీ కొంచెమే. అది ముందే చిగురు వేసింది, ఆ వారం పొడిగా ఉంది. తేడా అంతే అయి ఉంటుంది.

రెండో ఏడాది, జులై 2

వాన తగ్గి ఎండ వచ్చాక కొత్త ఆకులు శుభ్రంగా వస్తున్నాయి. చెట్టు తేరుకుంది. ఎదుగుదల మాత్రం నాన్‌పరెల్‌లో సగం.

రెండో ఏడాది, ఆగస్టు 28

కత్తిరింపులు ఇప్పుడే చేశాను. ఆకు రాలాక చలికాలంలో చేయడం అలవాటైన వాళ్లకు ఇది వింతగా ఉంటుంది. తడి చలిలో కోసిన గాయాల్లోంచి వెండి ఆకు తెగులు, బాక్టీరియా పుండు లోపలికి వెళ్తాయి. ఎండాకాలంలో అయితే గాయం త్వరగా మానుతుంది. నాన్‌పరెల్‌కు నాలుగు కొమ్మలు ఉంచి, మధ్య ఖాళీగా గిన్నె ఆకారం. గోడ మీది దానికి ముందుకు పొడుచుకొచ్చినవి తీసేసి మిగిలినవి తీగలకు కట్టాను.

రెండో ఏడాది, నవంబరు 15

ఆకులన్నీ రాలాయి. వాటిని ఊడ్చి తీసేసి, పొడి రోజు చూసి బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన రాగి మందు) కొట్టాను. బెరడు తడిసి కారేదాకా. మళ్లీ జనవరి చివర్లో, మొగ్గ ఉబ్బకముందు ఇంకోసారి.

మూడో ఏడాది, మార్చి 14

నాన్‌పరెల్ పూసింది. ఆకు ఒక్కటీ లేని కొమ్మల మీద లేత గులాబీ రంగు పువ్వులు. లెక్కపెట్టాను, 63. ఇంట్లో వాళ్లందరం చలిలో నిలబడి చూశాం. పదకొండేళ్ల మా అమ్మాయి ఒక్కో పువ్వునూ ముట్టుకోకుండా వాసన చూసింది. తేనె వాసన.

లారాన్ మొగ్గల్లో ఇంకా ఎర్ర రక్షకపత్రాల కొస మాత్రమే కనబడుతోంది.

మూడో ఏడాది, మార్చి 22

రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి లేదు. అలాంటి రాత్రే నేల వేడి అంతా పైకి పోయి, చల్లగాలి నీళ్లలా పల్లానికి పారుతుంది. నాన్‌పరెల్ కొమ్మకు, పువ్వుల ఎత్తులో కట్టిన థర్మామీటరు ఉదయం చూస్తే అతి తక్కువ మైనస్ 3.8. గోడ దగ్గర కట్టింది మైనస్ 1.9. పది మీటర్లలో దాదాపు రెండు డిగ్రీల తేడా. నేను ఎండ చూసి ఎంచుకున్న పల్లం చల్లగాలికి మడుగు అయింది.

ఉదయం పువ్వులు బాగానే ఉన్నట్టు కనబడ్డాయి. అదే మోసం చేస్తుంది. మధ్యాహ్నం దాకా ఆగి, కొన్ని పువ్వులను బ్లేడుతో నిలువుగా కోశాను. బతికి ఉంటే నడిమి అండాశయం లేత ఆకుపచ్చగా ఉంటుంది. కోసిన ఇరవైలో పంతొమ్మిది నల్లబడ్డాయి. రేకులు గులాబీ రంగులోనే ఉన్నాయి, లోపల మాత్రం నల్లటి చుక్క.

"నాన్నా, ఇవి చచ్చిపోయినట్టేనా?" అంది అమ్మాయి.

"పువ్వులు పోయాయమ్మా. చెట్టుకేం కాలేదు."

మూడో ఏడాది, మార్చి 30

లారాన్ విచ్చుకుంది. నాన్‌పరెల్ కింద రేకులు రాలి ఉన్నాయి. మార్చి 22న ఏమీ జరగకపోయి ఉన్నా, ఈ రెంటి పూతకూ మధ్య పదహారు రోజుల ఎడం. పుప్పొడి ఎవరి నుంచి ఎవరికి వెళ్తుంది? నాటే రోజున ఈ లెక్క వేయలేదు. రెండు రకాలు పక్కపక్కన ఉంటే సరిపోదు, ఒకే వారంలో పూయాలి. కొత్తగా నాటేవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే అవుతుంది. పెంకు పల్చదనం, పప్పు సైజు, రుచి అన్నీ తర్వాత. ముందు పూత తేదీ అడగండి.

ఆలస్యపు పూతకు మూలం కూడా ఆసక్తిగా ఉంది. ఒకప్పుడు నాన్‌పరెల్ చెట్టులోనే ఒక మార్పు వచ్చి, అదే కాయ కొంచెం ఆలస్యంగా పూసే రకం పుట్టింది. దాన్ని టార్డీ నాన్‌పరెల్ అన్నారు. ఆ గుణం పిల్లలకు నేరుగా దిగుతుందని పరిశోధకులు గుర్తించారు. స్పెయిన్‌లో ఇప్పుడు అంతకంటే చాలా ఆలస్యంగా పూసే పెంటా, టార్డోనా లాంటి రకాలూ ఉన్నాయి. వాతావరణాన్ని మార్చలేక పూత తేదీని మార్చారు.

మూడో ఏడాది, మే 9

ఆకుముడత ఈసారి పది, పన్నెండు ఆకులకే. రాగి మందు పనిచేసింది. కానీ ఏటా రెండుసార్లు రాగి చల్లితే అది మట్టిలో పేరుకుపోతుంది, వానపాములకు చేటు. గోడ మీది చెట్టుకు వేరే దారి చూడాలి.

లారాన్ మీద పిందెలు 11.

మూడో ఏడాది, సెప్టెంబరు 6

నాలుగు మిగిలాయి, అవీ ఉడుతలు ఎత్తుకెళ్లాయి. ఖాళీ పెంకులు గోడ కింద దొరికాయి. వచ్చే ఏడు వల.

నాలుగో ఏడాది, జనవరి 4

గోడకు చూరులా కర్రల చట్రం దిగ్గొట్టి, పైన, ముందు వైపు పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కట్టాం. కింద 30 సెంటీమీటర్లు, రెండు పక్కలా ఖాళీ వదిలాం, గాలీ తేనెటీగలూ తిరగాలి. సూత్రం చాలా సాదాది. బూజు మొగ్గలోకి వెళ్లాలంటే తడి కావాలి, ఆ తడిని చెట్టుకు అందనివ్వం. మే నడిమి దాకా ఇలాగే ఉంటుంది. నేల పొడిబారకుండా మాత్రం వేరు దగ్గర నీళ్లు మనమే పోయాలి.

ఈ చెట్టుకు ఈసారి మందు చల్లలేదు. కాస్త టెన్షన్‌గానే ఉంది.

నాలుగో ఏడాది, మార్చి 11

తేనెటీగ 12, 13 డిగ్రీలకు తక్కువ ఉంటే గూడు వదలదు. మా మార్చి మధ్యాహ్నాలు చాలాసార్లు తొమ్మిది, పది దగ్గరే ఆగిపోతాయి. అందుకని మట్టితో గూడు కట్టుకునే ఒంటరి తేనెటీగల మీద ఆశ పెట్టుకున్నాను. అవి చల్లటి, మబ్బు పట్టిన పూట కూడా తిరుగుతాయి. ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రం, 15 సెంటీమీటర్ల పొడవున్న వెదురు గొట్టాలు కోసి, కట్టగా కట్టి, పొద్దుటి ఎండ పడే చోట వేలాడదీశాను. పక్కన ఒక పళ్లెంలో తడి బంకమట్టి. పెద్ద బంబుల్ తేనెటీగలు ఎలాగూ వస్తున్నాయి, ఎనిమిది డిగ్రీల్లో కూడా ఒకటి తిరుగుతుంటే చూశాను.

నాలుగో ఏడాది, మార్చి 19

నాన్‌పరెల్ నిండా పూత. రెండు రాత్రుల తర్వాత అంతా నల్లబడింది. పెద్దగా రాయడానికి లేదు.

నాలుగో ఏడాది, ఏప్రిల్ 3

లారాన్ పూర్తి పూత. మూడు వందలు దాటాక లెక్క వదిలేశాను. మధ్యాహ్నాలు అమ్మాయీ నేనూ మెత్తటి కుంచెతో పువ్వు నుంచి పువ్వుకు తిరుగుతున్నాం. తన పుప్పొడితో తానే కాసే రకమైనా, ఆ పుప్పొడి కీలాగ్రం మీదకు చేరాలి కదా. ప్లాస్టిక్ కింద గాలి తక్కువ, ఈగలూ తక్కువ. పుప్పొడి సంచులు పగిలి పసుపు పొడి రాలుతున్న పువ్వు మీద కుంచె తిప్పి, పక్కదానికి తాకించడం, అంతే పని. అమ్మాయి చెయ్యి నాకంటే తేలిక.

ఎదురింటి పెరట్లో పీచ్ చెట్టు పూసింది. ఆ పుప్పొడి తగిలితే బాదం చేదెక్కుతుందని ఒకాయన గట్టిగా హెచ్చరించాడు. పప్పు చేదా తీపా అన్నది కాసే తల్లి చెట్టును బట్టే ఉంటుంది, తండ్రి పుప్పొడిని బట్టి కాదు. తీపి చెట్టు కాయలన్నీ తీపే. ఆ పప్పును నాటి పెంచితే వచ్చే చెట్టు ఏమవుతుందన్నది మాత్రం వేరే కథ.

నాలుగో ఏడాది, ఏప్రిల్ 9

ఈ రాత్రి గురించి వివరంగా రాయాలి.

నిన్న మధ్యాహ్నం నుంచి వాతావరణ సూచన మైనస్ 3 అంటోంది. పూతలో సగం రేకులు రాల్చేసింది, చిన్న పిందెలు బయటపడుతున్నాయి. అంటే ఇప్పుడు చెట్టు అన్ని దశల్లోకీ బలహీనమైన దశలో ఉంది.

సాయంత్రం నాలుగు గంటలకు ముందుగా పాదులో పరిచిన గడ్డి, ఎండుటాకులు అన్నీ పక్కకు లాగేశాను. మామూలుగా ఆ పరుపు మంచిదే, కానీ అది ఉంటే పగటి ఎండ వేడి నేలలోకి దిగదు, రాత్రి నేల వేడి పైకి రాదు. నిన్న ఉదయమే లాగి ఉండాల్సింది, ఆలస్యమైంది. నేల తడిగా ఉంటే వేడి ఎక్కువ పట్టి ఉంచుతుందని రెండు బకెట్ల నీళ్లు పోశాను. తర్వాత ప్లాస్టిక్ చట్రం ముందు వైపు మీద చలిని ఆపే తెల్ల గుడ్డ రెండు పొరలు కప్పి, అంచులు నేలకు తాకేలా రాళ్లు పెట్టాం. గుడ్డ పువ్వులకు తగలకూడదు, తగిలిన చోట చలి నేరుగా దిగుతుంది. పైన మాత్రమే కప్పి కింద వదిలేస్తే లాభం లేదు, నేల నుంచి లేచే వేడి లోపలే చిక్కుకోవాలి.

రాత్రి పదికి బయట 1.5, లోపల 4. ఒంటి గంటకు బయట మైనస్ 1, లోపల 2. మూడున్నరకు బయట మైనస్ 2.4, లోపల 0.6. అప్పుడు నిద్ర పట్టలేదు. లోపల నాలుగు మైనపు దీపాలు ఇనుప డబ్బాల్లో పెట్టాను, గుడ్డకు దూరంగా, పక్కనే కూర్చుని. నిప్పు వదిలేసి పడుకునే పని కాదిది. తెల్లవారుజామున ఐదున్నర, సూర్యుడు రాకముందు, అన్నిటికంటే చలి ఎక్కువ ఉండే వేళ. బయట మైనస్ 2.9. లోపల మైనస్ 0.3.

ఎనిమిదింటికి గుడ్డ తీశాం. మధ్యాహ్నం పది పిందెలు కోశాను. తొమ్మిది ఆకుపచ్చ.

నాలుగో ఏడాది, మే 16

ప్లాస్టిక్ విప్పేశాం. ఆకుముడత పట్టిన ఆకు ఒక్కటి కూడా లేదు. కొమ్మ కొమ్మా తిప్పి చూశాను, నిజంగానే ఒక్కటీ లేదు. అదే నాన్‌పరెల్ మీద, రాగి మందు చల్లినా, ఇరవై ముప్పై ఆకులు ముడుచుకున్నాయి. గోడ మీద కట్టిన చెట్టుకు వాన గొడుగును మించిన మందు లేదని నా నమ్మకం.

నాలుగో ఏడాది, జూన్ 24

కొన్ని పిందెలు రాలాయి, అది సహజమే. 140 దాకా నిలిచాయి. వెల్వెట్ లాంటి నూగుతో, చపటగా, బూడిద కలిసిన ఆకుపచ్చ. సైజు చూస్తే కాయ తయారైపోయినట్టే ఉంది. ఒకటి కోసి చూశాం. పెంకు ఇంకా కత్తికి తెగుతోంది. లోపల పప్పు లేదు, తొక్క నిండా నీళ్లలాంటి జిగురు.

బాదం ముందు ఇల్లు కట్టుకుంటుంది, తర్వాత కాపురం పెడుతుంది. కాయ పూర్తి సైజుకు వచ్చాక పెంకు గట్టిపడుతుంది, ఆ తర్వాతే లోపల పప్పు నిండుతుంది. ఈ రెండు నెలల్లో నీళ్లు తక్కువైతే బయటికి కాయ బాగానే ఉంటుంది, లోపల పప్పు ముడుచుకుపోతుంది. వారానికి రెండుసార్లు తడి పెడుతున్నాను.

నాలుగో ఏడాది, జులై 20

ఇంకొకటి కోశాం. జిగురు మధ్య, మొనదేలిన వైపు, గోరంత తెల్లటి పప్పు మొదలైంది.

నాలుగో ఏడాది, ఆగస్టు 17

పప్పు నిండింది కానీ మెత్తగా, పాలు కారేలా ఉంది. తొక్క ఊడదీసి అమ్మాయికిచ్చాను. దోసకాయకీ లేత కొబ్బరికీ మధ్య రుచి అంది. వల బిగించాను, నేల దాకా, ఉడుత దూరకుండా.

నాలుగో ఏడాది, అక్టోబరు 5

కాలిఫోర్నియాలో వేసవి పొడిగా ఉంటుంది, పై తోలు విచ్చుకున్నాక యంత్రంతో చెట్టు ఊపి కాయలను నేల మీదే కొన్ని రోజులు ఎండబెడతారు. ఇక్కడ నేల మీద పడ్డ కాయకు మూడో రోజుకే బూజు. అందుకే తోలు పగిలినవి పగిలినట్టు, రోజు విడిచి రోజు చేత్తో కోస్తున్నాం. గోడకు ఆనుకుని పైన ఉన్నవి ముందు విచ్చుకున్నాయి. నీడ పట్టున లోపల ఉన్నవి ఇంకా మూసుకునే ఉన్నాయి.

నాలుగో ఏడాది, అక్టోబరు 19

చివరివి తోలు సగమే విచ్చినా కోసేశాను, వారమంతా వాన సూచన ఉంది. మొత్తం 112. తోలు వలిచి, పెంకుతో సహా జల్లెడ బల్లల మీద ఇంట్లో ఒకే వరసలో పరిచాం, చిన్న ఫ్యాను పెట్టి. ప్రతి మూడు రోజులకు ఒక గిన్నెడు తూకం వేస్తున్నాను. బరువు తగ్గడం ఆగితే ఎండినట్టు.

ఎండిపోయి కొమ్మకే అతుక్కున్న నాలుగు నల్ల కాయలను కోసి దూరంగా పారేశాను. అవి అక్కడే ఉంటే వచ్చే వసంతంలో పువ్వులను మాడ్చే మొనీలియా బూజుకు అవే ఇల్లు.

నాలుగో ఏడాది, నవంబరు 6

తూకం నిలిచింది. ఊపితే పెంకులో పప్పు గలగలమంటోంది, విరిస్తే పుటుక్కున విరుగుతోంది. పెంకుతో 380 గ్రాములు. లారాన్ పెంకు గట్టిది, సుత్తి కావాలి. పగలగొట్టాక తొమ్మిది ఖాళీ, ఆరు బూజు పట్టినవి. మంచివి 97, తూకం 121 గ్రాములు.

ఒక్కోటి చేతిలోకి తీసుకుని తిన్నాం. ఆ చప్పుడు, ఆ తీపి, చివర్లో నాలుక మీద మిగిలే చిన్న పూల వాసన. మూడేళ్ల పనికి 121 గ్రాములు చాలా తక్కువ అని ఎవరైనా అంటే అననీ. ఏప్రిల్ 9 రాత్రి ఆ చెట్టు పక్కన కూర్చున్నది నేను.

ఐదో ఏడాది, మార్చి 23

నాన్‌పరెల్ మూడోసారి పూసి మూడోసారి మాడింది. చెట్టు ఆరోగ్యంగా, నాలుగు మీటర్ల ఎత్తున, అందంగా ఉంది. నిరుడు ఒక ఆలోచన వచ్చింది, లారాన్ పుప్పొడి ఎండబెట్టి ఫ్రీజరులో దాచి, మరుసటి మార్చిలో దీని పువ్వులకు అద్దితే? బాదం పుప్పొడి అలా నిలవ ఉంటుంది. కానీ కట్టిన పిందె చలికి పోయేదే అయితే ఆ శ్రమకు అర్థం లేదు. నాలుగు మీటర్ల చెట్టుకు ఏటా గుడ్డ కప్పలేను.

నరికేయమని ఇద్దరు చెప్పారు. మనసొప్పలేదు. వేరు మంచిది, మొదలు మంచిది, తప్పు పూత తేదీ ఒక్కటే. ఆలస్యంగా పూసే రకం అంటు కట్టి తల మార్చేస్తాను.

ఐదో ఏడాది, మే 21

పొడి వారం చూసి నాలుగు కొమ్మల్లో మూడింటిని మోకాటి ఎత్తు మొండేలుగా కోశాను. నాలుగోదాన్ని చెట్టుకు తిండి పెట్టడానికి వదిలాను. లారాన్ మీద పిందెలు 200 దాటాయి. ఈసారి ఏప్రిల్‌లో రెండు రాత్రులే గుడ్డ కప్పాల్సి వచ్చింది.

ఐదో ఏడాది, ఆగస్టు 8

మొండేల నుంచి పెన్సిలు లావు కొత్త కొమ్మలు దూసుకొచ్చాయి. తెలిసిన ఒకావిడ తన ఫెరాన్యెస్ చెట్టు నుంచి ఆరు పుల్లలు ఇచ్చారు. ఫెరాన్యెస్ అంటే లారాన్‌కు తల్లి. అది తనకు తాను కాయదు, కానీ లారాన్‌తోపాటు ఒకే వారంలో పూస్తుంది. పదిహేడు అంగలు వేస్తే కూతురి గోడ.

ఆకులు తీసేసి కాడలు మాత్రం ఉంచి, తడి గుడ్డలో చుట్టి తెచ్చాను. ఒక్కో కొమ్మ మీద చిన్న చెక్కు లేపి, అదే కొలతలో పుల్ల మీది కన్నుతో (మొగ్గతో) పాటు లేపిన చెక్కు అందులో కూర్చోబెట్టి, అంచు అంచు కలిసేలా సర్ది, సాగే టేపు చుట్టాను. మొత్తం పన్నెండు. కత్తి ప్రతిసారీ స్పిరిట్‌తో తుడిచాను. మొదటి రెండు చెక్కులు వంకరగా తెగాయి, మిగతావి బాగా కూర్చున్నాయి.

ఐదో ఏడాది, ఆగస్టు 30

మూడు వారాలు గడిచాయి. అంటు అతికిందో లేదో కన్ను పక్కన వదిలిన ఆకు కాడ చెబుతుంది. అతకకపోతే కాడ అక్కడే ఎండి, ముడుచుకుని, పీకినా రాకుండా పట్టుకుని ఉంటుంది. అతికితే పసుపు పచ్చగా మారి, శరదృతువులో ఆకు రాలినట్టు దానంతటది వదిలేస్తుంది.

అమ్మాయి చిటికెన వేలితో ఒక్కోదాన్నీ తాకుతూ వెళ్లింది. మొదటిది ఎండి బిగుసుకుపోయింది. రెండోదీ అంతే, అవి నేను వంకరగా కోసినవి. మూడోదానికి వేలు తగలగానే కాడ రాలి కింద పడింది. నాలుగోదీ రాలింది. ఐదోదీ.

పన్నెండులో తొమ్మిది.